వాన నీళ్ళు తాగినవాళ్ళు

దాలమ్మ నోరు తెరిచింది. కూతురు నీలవేణి చీపురుపుల్ల మందాన ఉన్న గొట్టాన్ని తల్లి కుడి దవడ పన్నుకి ఆనించి మీట నొక్కింది. చిటుక్కుమంది. పన్ను కాలిన వాసన వచ్చింది. బల్ల మీది పెట్టె అరనిమిషం తీసుకుని ఎర్ర దీపం వెలిగించింది.

వరసలో నిలబడినవాళ్ళు నవ్వడం ఆపేశారు.

అంతవరకూ నవ్వుతూనే ఉన్నారు. లంబోరా దీవికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాదైంది. మొదటి సాధారణ ఎన్నికలు ఇంకో పందొమ్మిది రోజులకి. మూడో నంబరు చెరకుతోట బడిలో ఓటర్ల నమోదుకి అది ఆఖరి రోజు. పొద్దున్నుంచీ నూట నలభై మంది ఆ కుర్చీలో కూర్చుని నోరు తెరిచారు. నూట నలభై మందికీ పచ్చ దీపమే వెలిగింది.

"కంపెనీ వోలు నూటిరవయ్యేళ్ళు నోరు ముయ్యమన్నారు. మన గవర్నమెంటొచ్చి నోరు తెరవమంటంది. ఏదొచ్చినా మన నోటిమీదకే" అన్నాడు అసిరయ్య. ఆయన వయసు ఎనభై. ఆ మాట మూడోసారి అంటున్నా జనం నవ్వుతూనే ఉన్నారు.

"అమ్మా, పెట్టె వేడెక్కినట్టుంది. ఇంకోసారి చూస్తాను" అంది నీలవేణి.

ఎడమ దవడ చూసింది. ఎర్ర దీపం. గొట్టం తుడిచి, పెట్టె ఆపి, మళ్ళీ పెట్టి, ముందు పన్ను చూసింది. ఎర్ర దీపం. గొట్టం తన పన్నుకే ఆనించుకుంది. పచ్చ దీపం.

దాలమ్మ కుర్చీలోంచి లేచి కొంగుతో మూతి తుడుచుకుంది. ఆరోజు కోసం గంజి పెట్టిన చీర కట్టుకొచ్చింది. "అయిందా? ఎనకాల జనం నిలబడ్డారు. కానీ" అంది. పిలుస్తున్నా ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"దాలమ్మ బైటిదేటి?" అన్నారెవరో. అసిరయ్య ఆ వైపు తిరిగి, "కంపెనీ మీద సమ్మెలో పదకొండు నెలలు జైల్లో ఉన్నాది. అప్పుడు నువ్వు మంచం కింద ఉన్నావు" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ పెట్టెని తయారుచేసింది నీలవేణే. ప్రభుత్వ నీటి పరీక్షల ప్రయోగశాలలో ఆమె రసాయన శాస్త్రవేత్త. దీవిని ఏలిన కంపెనీ వాళ్ళు విడిచిపోయే ముందు జనన మరణాల రిజిస్టర్లన్నీ ఆఫీసు పెరట్లో వేసి తగలబెట్టారు. మంట రెండు రోజులు ఆరలేదు. అంతకు ముందు ఏడాది బయటి ఇసుక దీవుల నుంచి నాలుగు వేల మందిని తెచ్చి, ఇక్కడే పుట్టినట్టు కాగితాలు రాసిచ్చారు. వాళ్ళ ఓట్లు కంపెనీ మనుషులకి పడతాయని అందరికీ తెలుసు. దీవిలో తరతరాలుగా ఉన్న కూలీల దగ్గర ఏ కాగితమూ లేదు. కాగితం ఉన్నవాడు పరాయివాడు, కాగితం లేనివాడు మనవాడు. దీన్ని ఎలా తేల్చాలో ఎవరికీ పాలుపోలేదు.

పన్ను తేలుస్తుందని నీలవేణి చెప్పింది. ఎనిమిదేళ్ళు వచ్చేవరకూ తాగిన నీళ్ళలోని ఖనిజం పంటి పైపొరలో చేరి, చచ్చేదాకా అక్కడే ఉంటుంది. లంబోరా ఊటలు కొండరాయిలోంచి వస్తాయి. ఆ నీళ్ళలోని ఖనిజాల పాళ్ళు చుట్టుపక్కల ఏ దీవిలోనూ లేవు. ఇసుక దీవుల్లో ఊటలే లేవు. అక్కడివాళ్ళు వాన నీళ్ళు పట్టుకుని తాగుతారు.

ఆ పాళ్ళు ఎంతో కచ్చితంగా కట్టడానికి దీవి పిల్లల పళ్ళు కావాలి. అవి ఎక్కడ దొరుకుతాయో ఆమెకి తెలుసు. తోటల్లో ఏ పిల్లకి పాలపన్ను ఊడినా ఇంటి కప్పు మీదకి విసురుతారు. ముత్తాతలు ఓడలెక్కి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న అలవాటు అది. నీలవేణి ఇద్దరు సహాయకుల్ని వెంటబెట్టుకుని నాలుగు నెలలపాటు లైన్లనే కూలీల వరస ఇళ్ళ మీదా, రేవు పట్నం ఇళ్ళ మీదా ఎక్కి, పెంకుల సందుల్లోంచి ఆరువందల పన్నెండు పాలపళ్ళు ఏరింది. నిచ్చెన మీద ఉన్న ఆమె ఫోటో పత్రికలో వచ్చింది. దాలమ్మ దాన్ని కత్తిరించి గోడకి అంటించింది.

సాయంత్రం నీలవేణి ఇంటికి వచ్చేసరికి దాలమ్మ పొయ్యి దగ్గర ఎండు చేపలు వేపుతోంది. గంజి పెట్టిన చీర మడతపెట్టి పెట్టెలో వేసేసింది.

"అమ్మా, నువ్వు చిన్నప్పుడు ఎక్కడి నీళ్ళు తాగేదానివి?"

"ఇప్పుడా ఊసెందుకు? చేతులు కడుక్కో."

"చెప్పమ్మా. తాతగారింట్లో, ఉప్పుమళ్ళలో. బావి ఉండేదా?"

"ఉప్పుమళ్ళలో బావేటే? ఎక్కడ తవ్వినా ఉప్పునీలే. ఇంటిమీద పడ్డ వాన నీలు తొట్టిలోకి పట్టుకునీవోలం. వాన లేకపోతే కంపెనీ బండి తెచ్చీది, బిందె నీలకి కొట్టుకునీవోలం." దాలమ్మ చేపలు తిరగేసింది. "పెళ్ళై ఈ లైన్లకి ఒచ్చినాక తాగినాను కొండ నీలు. ఏదో మందేసినట్టు ఉండీది. మీ నాయిన నవ్వీవోడు."

పెళ్ళినాటికి దాలమ్మకి పదహారేళ్ళు. నీలవేణి పీట మీద కూర్చుంది. ఆమెకి తెలియనిది ఇంకొకటి ఉంది.

"పాలపళ్ళు ఊడితే ఏం చేసేవారు?"

"సముద్రంలో ఇసిరేసీవోలం."

"ఇంటిమీద వేసేవారు కాదా?"

దాలమ్మ గరిట ఆపి కూతురి వైపు చూసింది. "ఇంటిమీదా? ఆ నీలే కదే తాగీది! కప్పు మీద కాకి రెట్టేస్తేనే మీ అమ్మమ్మ నిచ్చెనేసుకుని ఎక్కి కడిగీది. పన్నేస్తే ఊరుకుంటాదేటి? ఈ లైన్లకి ఒచ్చి, వీళ్ళు ఇంటిమీదకి పళ్ళిసరడం సూసి, ఏటి మనుషుల్రా బాబూ అనుకున్నాను."

లంబోరా ఒడ్డునే ఉన్న ఉప్పుమళ్ళకి కూడా పళ్ళ కోసం నీలవేణి వెళ్ళింది. అక్కడ ముప్పై కప్పులెక్కి చూసింది. అవి అద్దంలా కడిగి ఉన్నాయి. ఒక్క పన్నూ దొరకలేదు. పిల్లలు తక్కువ ఉన్న ఊరనుకుని, ఆ గడిలో సున్నా వేసుకుని వచ్చేసింది.

మర్నాడు ప్రయోగశాలలో ఉప్పుమళ్ళ జాబితా తీసింది. అంతవరకూ ఆమె అందులో అంకెలే చూసింది, పేర్లు చూడలేదు. పరీక్షించినవారు పదమూడు వందల ఇరవయ్యారు మంది. ఎర్ర దీపం వచ్చినవారు పన్నెండు వందల తొంభై ఒకరు. ఆ జాబితా బయటికొచ్చిన రోజు పత్రికలు 'ఉప్పుమళ్ళలో దాక్కున్న పరాయివాళ్ళు దొరికారు' అని రాశాయి. ఎన్నికల కార్యాలయంలో మిఠాయి పంచారు, నీలవేణీ తింది. ఆ వారమే రేవు బజారులో ఉప్పుమళ్ళ మనుషులిద్దరిని కొట్టారు. ఒకతనికి చెయ్యి విరిగింది.

పచ్చ దీపం వచ్చిన ముప్పై అయిదు పేర్లు ఆమె ఒక్కొక్కటే చూసింది. ముప్పై అయిదుగురూ ఆడవాళ్ళే. అందరూ చెరకుతోటల్లో పుట్టి, ఉప్పుమళ్ళకి కోడళ్ళుగా వెళ్ళినవాళ్ళు.

ఆమె ఆ కాగితం పట్టుకుని ఎన్నికల కమిషనరు చెల్లన్న దగ్గరకి వెళ్ళింది. ఆయన ఒకప్పుడు బడిపంతులు, నీలవేణికి లెక్కలు చెప్పిన మనిషి. ఇప్పటికీ ఆమె ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. ఆయన కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సరిచెయ్యడానికి ఎంతకాలం పడుతుంది?"

"వాన నీళ్ళు తాగి పెరిగిన మనవాళ్ళకీ, వాన నీళ్ళు తాగి పెరిగిన బయటివాళ్ళకీ ఈ పెట్టెకి తేడా తెలీదు మాస్టారూ. ఇంకో పద్ధతి వెతకాలి. ఏడాదైనా పడుతుంది."

"పద్దెనిమిది రోజులుంది."

"ఊరి పెద్దల చేత సాక్ష్యం చెప్పిస్తే?"

"కంపెనీ తెచ్చిన నాలుగు వేల మందికీ సాక్షులున్నారమ్మా. కావాలంటే ఒక్కొక్కడికి పదేసి మంది. సాక్ష్యాలతో తేలదనే కదా నీ పెట్టె తెచ్చుకున్నాం." ఆయన సొరుగులోంచి కంపెనీతో కుదిరిన స్వాతంత్ర్య ఒడంబడిక ప్రతి తీసి తొమ్మిదో నిబంధన దగ్గర వేలు పెట్టారు. "జాబితా సరైనదని తయారుచేసినవారు సంతకం చెయ్యాలి. చెయ్యకపోతే ఎన్నిక ఆగుతుంది. ఎన్నిక ఆగితే పాలన ఇంకో ఐదేళ్ళు ఇక్కడే ఉండిపోయిన కంపెనీ గవర్నరు చేతిలో ఉంటుంది. ఆయన సామాన్లు ఇంకా సగమే కట్టాడట. మొన్న వంటవాడు చెప్పాడు."

"సంతకం పెట్టమంటారా?"

"పెట్టమనను. పెట్టొద్దనీ అనను."

"మరేమంటారు?"

"గురువారం సాయంత్రం ఐదు గంటల్లోపు అంటాను."

ఆమె లేచింది. గుమ్మం దగ్గరికి వెళ్ళాక ఆయన పిలిచారు. "నీలా, జైలుకి వెళ్ళినవాళ్ళ పేర్లు పరీక్ష లేకుండా రాసే అధికారం నాకుంది. దాలమ్మగారి పేరు రాస్తాను."

"ఉప్పుమళ్ళ నుంచి జైలుకి వెళ్ళినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు. ఆ సమ్మెలోకి వాళ్ళనెవరూ పిలవలేదు" అన్నారాయన.

నీలవేణి ఆ మాట ఇంటికి తెచ్చింది. జరిగిన తప్పేమిటో తల్లికి చెప్పింది. సంతకం పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో కూడా చెప్పింది. పేరు రాస్తానన్న సంగతి ఆఖరున చెప్పింది. దాలమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది.

"నా ఒక్కదానికేనా?"

"ఒక్కదానికే."

"మా అప్పకి?"

అప్ప అంటే దాలమ్మ అక్క గవరమ్మ. ఉప్పుమళ్ళలోనే పుట్టి, అక్కడే మనువాడి, ఇప్పటికీ అక్కడే ఉప్పు తీసే మడిలో దిగుతున్న మనిషి.

"లేదమ్మా."

"మా అప్ప తాగిన తొట్టి నీలే నానూ తాగినాను. దానికి లేనిది నాకెలాగొస్తాది?" అంది దాలమ్మ. ఏరిన రాళ్ళు దోసిట్లోకి తీసుకుని గుమ్మం బయట పారబోసింది. మూడు రోజులు ఆ ఊసు ఎత్తలేదు. నీలవేణీ ఎత్తలేదు.

గురువారం నాలుగున్నరకి నీలవేణి కమిషనరు కార్యాలయంలో సంతకం పెట్టింది. జాబితాలో నలభై ఒక్కవేల రెండువందల ఎనిమిది పేర్లున్నాయి. వాటిలో దాలమ్మ పేరు లేదు. చెల్లన్న ఆమె సంతకం కిందనే సాక్షి సంతకం చేశారు.

ఇంటికి వచ్చేసరికి దాలమ్మ వాకిట్లో ఉంది.

"ఎట్టీసావా?"

"పెట్టాను."

"నానైనా ఎట్టీదాన్నే" అంది దాలమ్మ. చేతులు దులుపుకుని, "ఎట్టీసి, రేపు నాను అప్ప కాడికి ఎల్లినట్టే ఎల్లిపోదును" అంది.

మర్నాడు పొద్దున్న రెండు చీరలు, ఒక గ్లాసు మూట కట్టుకుని ఉప్పుమళ్ళ బస్సెక్కింది. నీలవేణి బస్సుదాకా మూట మోసింది. గోడ మీది ఫోటోని దాలమ్మ తీసుకెళ్ళలేదు, చింపలేదు.

ఎన్నికల రోజున ఏడు గంటలకే బడి ముందు జనం వరస కట్టారు. అసిరయ్యని నలుగురు కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. ఆయన ఓటు వేసి బయటికొచ్చి, వేలి మీది సిరా అందరికీ చూపించి, ఇంటికి వెళ్ళనని మొండికేశాడు. ఆడవాళ్ళు పెళ్ళికి కట్టే చీరలు కట్టుకొచ్చారు. పందొమ్మిదేళ్ళ పిల్లొకతె వేసిన చీటీ సరిగ్గా పడిందో లేదోనని పెట్టె కన్నంలోకి తొంగిచూస్తే, గుమస్తా "అది హుండీ కాదమ్మా, కోరిక చెప్పకు" అన్నాడు. బడి ఆవరణంతా నవ్వింది.

నీలవేణికి ఆరోజు ఆ పోలింగు కేంద్రం చూసుకునే పని అప్పగించారు. ఎవరైనా అభ్యంతరం చెబితే పంటి పరీక్ష మళ్ళీ చెయ్యాలి. ఎవరూ చెప్పలేదు. ఎర్ర దీపం వచ్చినవాళ్ళెవరూ ఆ ఛాయలకి రాలేదు. పన్నెండు గంటలకి ఆమె పెట్టెకి మూత వేసి సహాయకుడికి అప్పగించి, ఉప్పుమళ్ళ బస్సెక్కింది. ఇరవై రెండు కిలోమీటర్లు. బస్సులో ఆమె ఒక్కతే ఉంది.

ఉప్పుమళ్ళలో ఆరోజు కూడా పని జరుగుతోంది. పదిహేనుమంది ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా చీరలు ఎగ్గట్టుకుని చెక్క పారలతో ఉప్పు గట్టు మీదకి లాగుతున్నారు. అందులో దాలమ్మ ఉంది. నలభై అయిదేళ్ళ తర్వాత మడిలో దిగింది. అడుగుల లయ తప్పలేదుగానీ, ప్రతి నాలుగో లాగుడికీ ఆగి నడుం పట్టుకుంటోంది. ఆమె పక్కనే గవరమ్మ ఉంది. వయసు అరవై ఎనిమిది.

గవరమ్మ ముందుగా చూసింది. "ఒచ్చావేటే, పళ్ళ డాట్రమ్మా? నాకు రెండే మిగిలినాయి. ఏది కావాలో సూసుకో" అని నోరు తెరిచి చూపించింది. మడిలో ఉన్నవాళ్ళు కొందరు నవ్వారు. కొందరు తల తిప్పుకున్నారు. చెయ్యి విరిగినతను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. అతను లేచి పాక వైపు వెళ్ళిపోయాడు.

దాలమ్మ పార గట్టుకి ఆనించి వచ్చింది. కూతురి ఎడమచేతి చూపుడువేలు పట్టుకుని చూసింది. సిరా లేదు.

"ఓటెయ్యలేదేటి?"

"వెయ్యనమ్మా."

"ఎందుకెయ్యవు?"

"నీకు లేనిది నాకెందుకు?"

దాలమ్మ వేలు వదిలేసింది. "ఓలమ్మీ, ఎంత మాట నేర్సినావే! పన్నెండొందల మందిని తీసీసి సంతకమెట్టినావు. ఎన్నికలు జరగాలనే కదా? ఇప్పుడు నువ్వూ ఎయ్యకపోతే మమ్మల్నెందుకు తీసీసినట్టు?" గొంతు పెరిగింది. మడిలో పారలు ఆగాయి. "ఊసుపోకేటి?"

నీలవేణి ఏడ్చింది. దాలమ్మ దగ్గరకి తీసుకోలేదు. చేతులకి ఉప్పుంది. ఆమె చేతులు దూరంగా పట్టుకుని నిలబడింది.

"మూడింటి బస్సుంది. అయిదింటిదాకా ఏస్తారు. ఎల్లు."

"సరే, వెళ్తాను. నీ ఓటు వేస్తాను. ఏ గుర్తుకి వెయ్యమంటావో చెప్పు" అంది నీలవేణి. "పడవకా, దీపానికా? చెప్పమ్మా. నాకు నా ఓటు వద్దు. నీదే వేసి వస్తాను."

దాలమ్మ గట్టు మీద వంగి పార తీసుకుంది.

"సెప్పను."

"అమ్మా."

"ఓటు ఎవులికీ సెప్పకూడదని మీ పెద్ద మాస్టారు రేడియోలో సెప్పినాడు కదా. నీది నువ్వెయ్యి. నాది నా కాడుంది. ఉండనీ."

ఆమె మడిలోకి దిగింది. గవరమ్మ కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. పారలు మళ్ళీ కదిలాయి. నీలవేణి మూడింటి బస్సెక్కింది.

ఊరూరా ఆగిన బస్సు దిగి నాలుగూ యాభైకి బడికి చేరింది. తెర వెనక్కి వెళ్ళి చీటీ విప్పింది. అయిదు గుర్తులున్నాయి. పడవ, దీపం, చేప, తాళంచెవి, గొడ్డలి. తల్లి ఏ గుర్తు గురించి ఎప్పుడేమందో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. ఎన్నికల పాటలు వినబడితే దాలమ్మ రేడియో గొంతు పెంచేది. ఏ పాటకి పెంచేదో నీలవేణి ఏనాడూ గమనించలేదు. బయటినుంచి గుమస్తా "అయిదవుతోందమ్మా" అన్నాడు. ఆమె ఒక గుర్తు మీద ముద్ర వేసి మడత పెట్టింది.

గవర్నరు ఓడ వారం తర్వాత వెళ్ళిపోయింది. కొత్త శాసనసభ మొదటి సమావేశంలోనే ఉప్పుమళ్ళ విషయం చర్చకి వచ్చింది. సంఘం వేశారు. సంఘం నివేదిక ఇవ్వడానికి రెండేళ్ళు పట్టింది. ఉప్పుమళ్ళ వాన నీళ్ళకీ ఇసుక దీవుల వాన నీళ్ళకీ పంటిలోనే తేడా పట్టే పద్ధతిని నీలవేణి ఏడాదిన్నరలో కనిపెట్టింది. దాన్ని చట్టంలో చేర్చడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. దాలమ్మ మూడో ఏడు వానల్లో ఉప్పుమళ్ళలోనే, అక్క ఇంట్లో, జ్వరంతో చనిపోయింది. మరణాల రిజిస్టరు కొత్తది. ఓటర్ల జాబితాలో పేరు లేదు గనక, అందులో పౌరసత్వం అనే గడిలో గుమస్తా గీత గీశాడు. నీలవేణి చూస్తూ ఉండగానే గీశాడు. చట్టం ప్రకారం అది సరైన గీతే.

రెండో ఎన్నికలకి ఉప్పుమళ్ళలోనే కేంద్రం పెట్టారు. గవరమ్మకి అప్పుడు డెబ్బై మూడేళ్ళు. నీలవేణి ఆమెని చెయ్యి పట్టుకుని నడిపించి తీసుకొచ్చింది. వరసలో ముప్పావుగంట నిలబడ్డారు.

తెర దగ్గరికి వచ్చాక నీలవేణి అడిగింది. "పెద్దమ్మా, ఆ మొదటిసారి అమ్మ ఎవరికి వేద్దామనుకుందో నీకెప్పుడైనా చెప్పిందా?"

"సెప్పింది" అంది గవరమ్మ.

నీలవేణి ఆగింది.

"నీకు సెప్పద్దని కూడా సెప్పింది" అని గవరమ్మ ఆమె చెయ్యి విడిపించుకుని, గుమస్తా దగ్గర చీటీ తీసుకుని, ఒక్కతే తెర వెనక్కి వెళ్ళింది.